స్పెయిన్‌లో ‘మదీనా’ ఇంటిపేరు

ఒక రోజు మా తరగతిలోని విద్యార్థి దినపత్రిక క్రీడల పేజీ తెచ్చి మా ముందుంచాడు. అందులో దక్షిణ అమెరికాకు చెందిన ఓ ఫుట్‌బాల్ ఆటగాడి పేరు చివర ‘మెదీనా’ అని ఉంది. “ఉస్తాద్, ఈయన మనవాడేనా? మదీనా షరీఫ్ నుంచి వెళ్ళినవారి సంతానమా?” అని అడిగాడు. ఆ పిల్లవాడి కళ్ళలోని సంతోషం చూసి వెంటనే ‘కాదు’ అనడానికి మాకు మనస్కరించలేదు. ‘అవును’ అనడానికి అంతరాత్మ ఒప్పుకోలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఒక మాటలో ముగిసేది కాదు. అందులో ఎనిమిది వందల ఏళ్ళ చరిత్ర ఇమిడి ఉంది.

మాట పుట్టుక

అరబ్బీలో ‘మదీనా’ అంటే నగరం. ఉర్దూలో నాగరికతకు మనం వాడే ‘తమద్దున్’ అనే మాట కూడా ఈ కుటుంబంలోదే. క్రీ.శ. 622లో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) హిజ్రత్ చేసి యస్రిబ్‌లో అడుగుపెట్టిన తర్వాత ఆ ఊరు ‘మదీనతున్నబీ’, అంటే ప్రవక్త నగరం అయింది. వాడుకలో అది ‘మదీనా’గా నిలిచిపోయింది. మన ఇళ్ళలో ఆడపిల్లలకు మదీనా బీ అని పేరు పెట్టుకోవడం, హైదరాబాద్‌లో చార్మినార్‌కు దగ్గరలోని కూడలిని మదీనా అని పిలవడం ఆ నగరం మీది ప్రేమతోనే.

అయితే అరబ్బులకు ప్రతి నగరమూ మదీనాయే. అందుకే వ్యాకరణ పండితులు ఒక తేడా పాటించారు. ప్రవక్త నగరానికి చెందినవాడు ‘మదనీ’, ఖలీఫా మన్సూర్ కట్టించిన బాగ్దాద్ నగరానికి చెందినవాడు ‘మదీనీ’ అన్నారు. ఈ చిన్న తేడాను గుర్తుంచుకుంటే స్పెయిన్ సంగతి సులభంగా అర్థమవుతుంది.

అందలుస్ మదీనాలు

క్రీ.శ. 711లో తారిఖ్ బిన్ జియాద్ సముద్రం దాటి స్పెయిన్‌లో అడుగుపెట్టాడు. ముస్లిములు ఆ దేశాన్ని ‘అందలుస్’ అన్నారు. అక్కడి అనేక ఊళ్ళకు అరబ్బీ పేర్లు స్థిరపడ్డాయి. దక్షిణాన కాదిజ్ ప్రాంతంలోని మెదీనా సిదోనియా, ఉత్తరాన మెదీనా దెల్ కాంపో, మెదీనా దె రియోసెకో, మెదీనా దె పోమార్ అన్నీ అటువంటివే. ‘మదీనత్ సాలిం’ స్పానిష్ నోట ‘మెదీనాసెలి’ అయింది. ప్రఖ్యాత సేనాని అల్‌మన్సూర్ 1002లో తుదిశ్వాస విడిచింది ఈ ఊళ్ళోనే. కొర్దోవా చెంత ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ 936లో కట్టించ మొదలుపెట్టిన మదీనతుజ్జహ్రా శిథిలాలను 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

మన తెలుగునాట ఎన్నో కుటుంబాల ఇంటిపేర్లు ఊరిపేర్లే. స్పెయిన్‌లోనూ అంతే. మెదీనా నుంచి వచ్చి మరో ఊళ్ళో స్థిరపడినవాడిని ‘దె మెదీనా’, అంటే మెదీనా వాడు అన్నారు. తరతరాలకు అదే ఇంటిపేరు అయింది. కోట అనే అర్థమున్న ‘ఖల్అ’ నుంచి ‘అల్కలా’, వంతెన అనే అర్థమున్న ‘ఖంతరా’ నుంచి ‘అల్కాంతరా’ ఇంటిపేర్లు పుట్టాయి. మనం ఉర్దూలో కోటను ‘ఖిలా’ అనేదీ ఆ మొదటి మాటతోనే.

కనుక ఇంటిపేరులోని మెదీనా ప్రవక్త నగరం కాదు, స్పెయిన్ ఊరు. ఆ ఊళ్ళలో ముస్లిములు, క్రైస్తవులు, యూదులు అందరూ నివసించారు. అందుచేత ఈ పేరు అన్ని మతాల వారికీ దక్కింది. 1700లో ఇంగ్లండ్ రాజు మూడవ విలియం చేతుల మీదుగా ‘సర్’ బిరుదు పొందిన సాలమన్ దె మెదీనా యూదుడు. 1545లో నౌకాయానంపై ప్రసిద్ధ గ్రంథం ప్రచురించిన పేద్రో దె మెదీనా క్రైస్తవుడు.

పేరు నేరమైన కాలం

1492 జనవరి 2న గ్రనాడా చేజారింది. ముస్లిముల మతానికి, మసీదులకు, ఆచారాలకు రక్షణ ఇస్తామని అంతకు కొద్ది వారాల ముందే ఇసబెల్లా రాణి, ఫెర్దినాంద్ రాజు ఒడంబడికపై సంతకం చేశారు. పదేళ్ళు తిరగకుండానే ఆ మాట తప్పారు. 1499 నుంచి బలవంతపు బాప్తిస్మాలు మొదలయ్యాయి. 1502లో కాస్తీల్ రాజ్యంలోని ముస్లిములకు మతం మారడమో దేశం విడవడమో తప్ప వేరే దారి లేకుండా పోయింది. ఆ ఇసబెల్లా రాణి 1504లో కన్నుమూసిన ఊరు మెదీనా దెల్ కాంపో! అరబ్బీ మాటను దేశం నుంచి తుడిచివేయాలనుకున్న రాజ్యంలో, ఆ రాణి చివరి మజిలీకి అరబ్బీ పేరే మిగిలింది.

మతం మార్చబడిన వారిని ‘మొరిస్కోలు’ అన్నారు. చర్చి రిజిస్టరులో ఒక పేరు, ఇంట్లో తల్లి పిలిచే పేరు మరొకటి. 1567లో రెండవ ఫిలిప్ రాజు అరబ్బీ మాట్లాడడాన్ని, అరబ్బీ దుస్తులను, ముస్లిం పేర్లను కూడా నిషేధించాడు. మరుసటి ఏడే అల్‌పుహర్రా కొండల్లో తిరుగుబాటు రగిలింది. దాని నాయకుడు రికార్డుల్లో ఫెర్నాందో దె వాలోర్. తిరుగుబాటు రోజున అతడు మొదట చేసిన పనుల్లో ఒకటి ఆ పేరును వదిలి ఇబ్నె ఉమయ్య అన్న పేరు తీసుకోవడం. 1609 నుంచి 1614 వరకు దాదాపు మూడు లక్షల మంది మొరిస్కోలను దేశం నుంచి వెళ్ళగొట్టారు.

వెళ్ళినవారిలో అనేకులు ఉత్తర ఆఫ్రికా చేరారు. స్పానిష్ ఇంటిపేర్లను కొందరు అక్కడా నిలుపుకున్నారు. మొరాకో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు అబ్దుల్ ఖాలిఖ్ తోరెస్ (1910–1970) ఇంటిపేరు స్పానిష్‌లో ‘బురుజులు’. చూడండి, అరబ్బీ ఇంటిపేరుతో క్రైస్తవుడు, స్పానిష్ ఇంటిపేరుతో ముస్లిం!

సముద్రాలు దాటి

స్పానిష్ వారితో పాటు మెదీనా పేరు అమెరికా ఖండానికి వెళ్ళింది. 1550లలో మెక్సికోలో పాదరసంతో వెండిని వేరుచేసే పద్ధతిని ప్రవేశపెట్టినవాడు బార్తొలొమె దె మెదీనా. చిలీ దేశపు గొప్ప గ్రంథ పరిశోధకుడు హొసె తోరిబియో మెదీనా (1852–1930). 2012 నుంచి 2020 వరకు దొమినికన్ రిపబ్లిక్ అధ్యక్షుడు దనీలో మెదీనా. నేడు మెక్సికో నుంచి అర్జెంటీనా వరకు, అమెరికాలోనూ ఈ పేరు సర్వసాధారణం.

ఇంతమందీ ముస్లిముల సంతతి అనుకుంటే పొరపాటే. కొత్తగా మతం మారినవారు అమెరికా ఖండానికి వెళ్ళకుండా స్పెయిన్ ప్రభుత్వం నిషేధం పెట్టింది. కొందరు దొంగచాటుగా వెళ్ళి ఉండవచ్చు గాని, అక్కడి ఆదివాసులకూ ఆఫ్రికా బానిసలకూ బాప్తిస్మంతో పాటు స్పానిష్ పేర్లు అంటగట్టారు. ఫిలిప్పీన్స్‌లో 1849లో గవర్నర్ క్లవేరియా ఒక జాబితా పుస్తకం ఇచ్చి, అందులోంచి ప్రజలకు ఇంటిపేర్లు పంచిపెట్టించాడు. అటువంటి పేరును బట్టి వంశం తేల్చడం ఎలా?

2015లో స్పెయిన్ ఒక చట్టం చేసి, 1492లో వెళ్ళగొట్టబడిన యూదుల సంతతికి పౌరసత్వం ఇవ్వడానికి ముందుకు వచ్చింది. దానికీ ఇంటిపేరు ఒక్కటే చాలదని, ఇతర రుజువులు కావాలని అన్నది. మొరిస్కోల సంతతికి మాత్రం ఆ చట్టంలో చోటు దక్కలేదు. ఒకే నేల నుంచి గెంటివేయబడిన ఇద్దరిలో ఒకరికే తలుపు తెరవడం ఏపాటి న్యాయమో పాఠకులే ఆలోచించాలి.

మనకేమిటి పాఠం?

మన తెలుగు ముస్లిములు పేరుకు ముందు షేక్, సయ్యద్, పఠాన్, మొహమ్మద్ అని రాసుకుంటారు. పెళ్ళి సంబంధాల వేళ ఈ మాటలు ఎంత బరువెక్కుతాయో అందరికీ తెలుసు. ‘వాళ్ళు మనకు తగినవాళ్ళేనా’ అని గుసగుసలు పోతాం. పిల్ల నమాజు, నడవడి, చదువు వెనక్కి పోయి ఇంటిపేరు ముందుకు వస్తుంది. జాతులు, తెగలు పరస్పరం గుర్తించుకోవడానికేనని, దైవభీతి గలవారే అల్లాహ్ దగ్గర గౌరవనీయులని దివ్య ఖురాన్‌లోని సూరా హుజురాత్ బోధిస్తోంది. పేరు గుర్తు మాత్రమే. అది గొప్పతనానికి పత్రం కాదు.

ఆ విద్యార్థికి మేము ఇదంతా చెప్పాం. అతడు కాసేపు మౌనంగా ఉండి, “అయితే ఆయన మనవాడు కాదన్నమాట” అన్నాడు. “ఆయన మతం మనకు తెలియదు బేటా. కాని ఆయనను పిలిచినప్పుడల్లా అందలుస్ మాట్లాడిన భాషలోని ఒక మాట పలుకుతుంది. నిషేధించినా చావని మాట అది. అంతవరకు సంతోషించు. నీ పేరుకు తగ్గట్టు బతకడం మాత్రం నీ చేతిలో పని” అన్నాం.

మన పేర్లకు తగిన నడవడిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.