వెంట్రుకవాసి సందులు

యంత్రమనగానే మన మనస్సునకు తోచునది లోహము; దాని బరువు, దాని బిగువు, దాని మ్రోత. కాని ఏ యంత్రమునైనను విప్పి నిదానముగా పరిశీలించినవారికి, లోహము లేని తావులు గూడ అందు లోహమంత శ్రద్ధతోనే అమర్పబడియున్నవని తెలియగలదు. తిరుగు ఇరుసునకును దానిని మోయు బేరింగునకును నడుమ, మూతపడు వాల్వునకును దానిని నొక్కు మీటకును నడుమ, నిప్పురవ్వ పుట్టు రెండు లోహపు మొనల నడుమ, రూపకర్త కొలిచి విడిచిన సందులు కలవు. వీనిలో పెద్దది మిల్లీమీటరునకు లోబడియుండును. చిన్నది కంటికే ఆనదు. బండి నడచినకొలది కొన్ని సందులు పెరుగును, కొన్ని పూడుకొనును; ఆ మార్పే మనకు మొరాయింపుగా, చప్పుడుగా, పొగగా, వేడిగా గోచరించును. పాత కారును ఇంటివద్ద బాగుచేసికొనుట యను పనిలో అధికభాగము, ఈ సందులను వాని వాని కొలతలకు మరల తెచ్చుటయే.

ఇందులకు మన దేశమున అంబాసిడరు కంటె తగిన ఉదాహరణము దొరకదు. ఇంగ్లండులో 1956లో వెలువడిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారముగా గొని, హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో 1957 నుండి దీనిని నిర్మింప నారంభించినది; 2014లో నిర్మాణము నిలిచిపోవువరకు దాని ఆకృతి స్థూలముగా మారలేదు. మంత్రుల వాకిళ్లలోను, రైల్వే స్టేషనుల ముందరి టాక్సీల వరుసలలోను దశాబ్దముల తరబడి కనబడిన యీ బండి నేడు అభిమానుల షెడ్లకు చేరినది. తరువాతి కాలమున డీసెలు ఇంజనులును, ఇసుజు ఇంజనులును వచ్చినవి గాని, ఇచ్చట ప్రస్తావించునది 1959 నుండి దీనికి అమర్చిన 1489 ఘన సెంటీమీటర్ల బి.ఎం.సి. పెట్రోలు ఇంజనును గూర్చియే. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు, పోత ఇనుపదిమ్మ. బానెటు ఎత్తినచో ప్రతి భాగమునకును చేయి అందును. పానాలు, స్క్రూడ్రైవరు, జాకీ, గ్రీజుగన్ను, వీనికి తోడు ఒక ఫీలర్ గేజి యున్న చాలును. వేర్వేరు మందములుగల సన్నని ఉక్కురేకుల కట్టయే ఫీలర్ గేజి. రేకు సందులో దూరి, తీయునపుడు స్వల్పముగా పట్టి విడిచినచో, ఆ రేకుపై చెక్కిన అంకెయే ఆ సందు కొలత.

విద్యుత్తు దుముకు తావు

బ్యాటరీ యిచ్చునది 12 వోల్టులు మాత్రమే. సిలిండరులో ఒత్తబడిన పెట్రోలు ఆవిరిని అంటించు రవ్వకు వేలకొలది వోల్టులు కావలెను. ఈ అంతరమును దాటించునది 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణము. ఇగ్నిషన్ కాయిలులో కొద్ది చుట్లుగల మందపు తీగ ఒకటి, వేలకొలది చుట్లుగల సన్నని తీగ ఒకటి యుండును. డిస్ట్రిబ్యూటరులోని సి.బి. (కాంటాక్టు బ్రేకరు) పాయింట్లు కలిసియున్నంతసేపు మందపు తీగలో విద్యుత్తు ప్రవహించి, అయస్కాంత క్షేత్రము పెరుగును. పాయింట్లు విడివడిన క్షణమున ఆ క్షేత్రము హఠాత్తుగా అంతరించి, సన్నని తీగలో వేల వోల్టులను పుట్టించును. పాయింట్లకు జోడింపబడిన కండెన్సరు, అవి విడివడు వేళ విద్యుత్తు అచ్చటనే రవ్వగా ఎగసి వ్యర్థము గాకుండ తనలోనికి గ్రహించును.

పాయింట్లు పూర్తిగా తెరచుకొనినపుడు వాని నడుమ ఉండవలసిన ఎడము సుమారు 0.38 మిల్లీమీటర్లు, అనగా అంగుళములో వేయవ వంతులు పదునైదు. ఇంత స్వల్పమైన కొలత ఎందులకు ముఖ్యమో లెక్క వేసిన తెలియును. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు, చుట్టునకు రెండేసి చొప్పున సెకనునకు 100 రవ్వలు పడవలెను. రవ్వకును రవ్వకును నడుమ గడువు సెకనులో నూరవవంతు. అందులోను సుమారు మూడింట రెండు వంతుల కాలము మాత్రమే పాయింట్లు కలిసియుండును. ఎడము పెరిగినచో ఆ కాలము ఇంకను తగ్గి, కాయిలులోని క్షేత్రము నిండుగా పెరుగకమునుపే తెగిపోవును. బండి నెమ్మదిగా నడచునంతవరకు బాగుగనే యుండి, వేగమందుకొనగానే తడబడును. ఎడము తగ్గినచో పాయింట్లు కాలి గుంటలుపడి, ఉదయమున స్టార్టగుటయే కష్టమగును. పాయింట్లను తెరచు కామును ఒరయుచుండు ఫైబరు మడమ అరిగినకొలది ఎడము తనంతట తగ్గుచుండును. అపుడు పాయింట్లు ఆలస్యముగా విడివడి, రవ్వయు ఆలస్యముగా పడును. కావుననే పాయింట్ల ఎడమును సవరించిన పిమ్మట టైమింగును గూడ సరిచూచుట నేర్పరియైన మేస్త్రీ విడువని నియమము.

రవ్వ తుదకు చేరునది ప్లగ్గునకు. అచ్చట ఎడము సుమారు 0.6 మిల్లీమీటర్లు. ఒక్కొక్క రవ్వయు మొనలోని లోహమును అణుమాత్రముగా కొనిపోవుటచే ఈ సందు కాలక్రమమున పెరుగుచుండును. పెరిగిన సందును దాటుటకు అధికమైన వోల్టేజి కావలెను. ప్లగ్గును విప్పినపుడు ఎడమునే గాక రంగును గూడ చూడవలెను. లేత గోధుమవన్నె మొన ఆరోగ్యమునకు చిహ్నము. పొడి నల్లని మసి కార్బరేటరు పెట్రోలును అధికముగా విడుచుచున్నదనియు, తడి జిడ్డు ఇంజను ఆయిలు సిలిండరులోనికి చొరబడుచున్నదనియు, తెల్లబారిన మొన మిశ్రమము పలుచనై వేడి మిక్కుటమైనదనియు తెలుపును. నాలుగు ప్లగ్గులను వరుసగా పేర్చి చూచినచో, దోషము ఏ సిలిండరుదో, లేక అన్నింటికిని ఉమ్మడిదో నిర్ణయింపవచ్చును.

వేడికి విడిచిన చోటు

ఇంజనుపై మూత విప్పినచో ఎనిమిది రాకర్లు వరుసగా కనబడును. ఒక్కొక్క రాకరునకును దాని క్రింది వాల్వు కాడకును నడుమనున్న సందునే మేస్త్రీలు టాపెట్ గ్యాప్ అందురు. లోహము వేడికి సాగుననుట మనమందరము ఎరిగినదే. ఎంత సాగుననునదే ఇచ్చటి ప్రశ్న. ఉక్కు ఒక్కొక్క సెంటీగ్రేడు డిగ్రీకి తన పొడవులో పది లక్షలకు సుమారు 12 వంతుల చొప్పున పెరుగును. నూరు మిల్లీమీటర్ల కాడ సగటున 300 డిగ్రీలు వేడెక్కినదనుకొన్నచో, అది 0.36 మిల్లీమీటర్లు సాగవలెను. దాని చుట్టునున్న సిలిండరు హెడ్డు గూడ సాగును గాని, నీటిచే చల్లబడుచుండుటవలన అంతగా సాగదు. ఆ భేదమునకు చోటిచ్చుటకే ఈ సందు ఏర్పడినది. దీని కొలతయు పాయింట్ల కొలతయే, 0.38 మిల్లీమీటర్లు; ఒకే రేకు రెండు పనులకును చెల్లును.

సందు అధికమైన టాపెట్లు టకటకలాడును. వాల్వు తెరచుకొనుట తగ్గి బలము కొంత కుంటుపడును. సందు చాలనిచో చప్పుడు ఉండదు. ప్రమాదము అచ్చటనే కలదు. ఎగ్జాస్టు వాల్వు తన వేడిని ముఖ్యముగా, మూసియున్న కాలమున, తన పీఠము ద్వారా హెడ్డునకు అప్పగించును. సందు లేక వాల్వు పూర్తిగా కూర్చుండలేనపుడు ఆ దారి మూసుకొనిపోవును. మండుచున్న వాయువులు అంచు ప్రక్కగా దూసికొనిపోయి వాల్వు తలను కాల్చివేయును. మ్రోయు టాపెట్టు కంటె మౌనముగానున్న టాపెట్టునకే భయపడవలెనని పాత మేస్త్రీలు చెప్పుమాట ఈ కారణముచేతనే సత్యము.

ఏ వాల్వును సవరింపవలెనన్నను అది పూర్తిగా మూసియుండు స్థితిలో ఇంజనును నిలుపవలెను. ఇందులకు ఒక చక్కని సూత్రము కలదు. వాల్వులకు ముందునుండి 1 మొదలు 8 వరకు అంకెలు వేసికొని, ఎనిమిదవది పూర్తిగా తెరచియున్నపుడు ఒకటవదానిని, ఆరవది తెరచియున్నపుడు మూడవదానిని, నాలుగవది తెరచియున్నపుడు అయిదవదానిని, ఇట్లు మొత్తము తొమ్మిది వచ్చునట్లు సవరించుకొనిపోవలెను. ఇందు మాయ యేమియు లేదు. ఈ ఇంజనులో రవ్వలు పడు వరుస 1, 3, 4, 2; మొదటి, నాలుగవ సిలిండర్ల పిస్టనులు జంటగా కదలును, నడిమి రెండును మరియొక జంట. ప్రతి జంటలోను ఒకదాని పని రెండవదానికంటె సరిగా ఒక చుట్టు వెనుకబడియుండును. వాల్వుల అమరిక ఇరుప్రక్కలను అద్దములోని ప్రతిబింబమువలె నుండుటచే, ఒక జంటలోని వాల్వు పూర్తిగా తెరచుకొనినపుడు దానికి ఎదురుగానున్న వాల్వునకు కాము వీపు తగులుచుండును. అంకగణితము వలె కనబడునది నిజమునకు సౌష్ఠవము.

చమురు నిలుచు సందు

కంటికానని సందులు బేరింగులలో కలవు. క్రాంకుషాఫ్టునకును దాని బేరింగులకును నడుమనున్న ఆయిలు పొర మందమును మైక్రానులలో లెక్కింపవలెను. అయినను ఆ పొర చెక్కుచెదరనంతకాలము లోహము లోహమును తాకదు. ఈ రహస్యము బయటపడిన తీరు వినదగినది. రైలు ఇరుసుల బేరింగులపై ప్రయోగములు చేయుచు, 1883లో వాని ఫలితములను ప్రకటించిన బీచమ్ టవర్ అను ఆంగ్ల ఇంజనీరు, చమురు పోయుటకై బేరింగు పైభాగమున ఒక రంధ్రము తొలిపించెను. చమురు లోనికి దిగుటకు మారుగా పైకి పొంగినది. బిరడా బిగించిన, బిరడాయే వెలికి నెట్టబడినది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితసిద్ధాంతమును సమకూర్చెను. తిరుగు ఇరుసు తనతోపాటు చమురును ఈడ్చికొనిపోయి, ఎడము వెడల్పుగానున్న ప్రక్కనుండి ఇరుకైన ప్రక్కకు దూర్చును. ఆ ఇరుకున పుట్టు ఒత్తిడియే బరువును మోయును.

దీనినుండి గృహస్థు గ్రహింపవలసిన నీతులు రెండు. తిరుగుడు లేనిదే ఒత్తిడి లేదు గనుక, అనేక దినములు కదలక నిలిచిన ఇంజనునందు తొలి చుట్లు లోహమునకు గండములు; స్టార్టుచేసిన వెంటనే ఆక్సిలరేటరును అదిమి గర్జింపజేయుట ఆ గండమును రెట్టింపు చేయును. రెండవది, వాడని బండిని వారమునకొకమారు రెండు నిమిషములు నడిపి ఆపివేయుట మేలుకన్న కీడే చేయును. ఇంధనము మండుటవలన పుట్టిన నీటియావిరి వేడి చాలని ఇంజనులో చల్లబడి ఆయిలులో కలియును. నడిపినచో ఇంజను పూర్తిగా కాగువరకు రోడ్డుపై నడపవలెను; నడుపకున్నను ఆయిలును ఏటనొకమారు మార్చవలెను.

ముందరి చక్రముల కీళ్లు, ప్రొపెల్లరు షాఫ్టు జాయింట్లు మొదలగు చోట్ల చమురునకు బదులు గ్రీజు నిలుచును. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దలు ఎద్దుబండి ఇరుసును గూర్చి చెప్పిన సామెత ఇచ్చటను అక్షరాల చెల్లును. గ్రీజునిపిలును ముందుగా గుడ్డతో తుడిచి, పాత గ్రీజు మురికితో కూడ వెలికి వచ్చువరకు గన్నుతో ఎక్కింపవలెను. తుడువక ఎక్కించిన గ్రీజు దుమ్మును కీలులోనికి నెట్టును.

ఉండరాని సందులు

బ్రేకు డ్రమ్మునకును షూలకును నడుమ లైనింగు అరిగినకొలది ఎడము పెరిగి, పెడలు లోతునకు పోవును. సవరించు మరను షూ డ్రమ్మును తాకువరకు బిగించి, చక్రము ఒరయక తిరుగునంతమాత్రము వెనుకకు వదలవలెను. అప్పటికిని పెడలు మెత్తగా దిగుచున్నచో గొట్టములలో గాలి చేరినదని యెరుగవలెను. ద్రవము ఒత్తిడికి లొంగదు, వాయువు లొంగును. పాదము పెట్టిన బలము చక్రమును చేరక ఆ బుడగలోనే చచ్చును. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుగుణము కలది. డాట్ 3 రకపు క్రొత్త ద్రవము 205 డిగ్రీలకు తక్కువ గాకుండ మరుగవలెనని ప్రమాణము. తేమ పట్టిన స్థితిలో ఆ హద్దు 140కి దిగును. ఘాటురోడ్డుపై దిగునపుడు ఆ భేదము ప్రాణముల విలువ చేయును.

పెట్రోలు గొట్టములోను ఇట్టి బుడగయే మన వేసవులలో అంబాసిడరును నడిరోడ్డున నిలుపుచుండును. ఇంజనునకు అంటియున్న పెట్రోలు పంపు వేడెక్కి, లోని పెట్రోలు ఆవిరియగుటచే, పంపు ఆవిరిని నొక్కుచుండును గాని ద్రవమును లాగదు. డ్రైవర్లు పంపుపై తడిగుడ్డ కప్పుట శాస్త్రసమ్మతమైన చికిత్స. గుడ్డలోని నీరు ఆవిరియగుచు పంపులోని వేడిని తనతో కొనిపోవును. నేటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచుండుటచే, పాత రబ్బరు గొట్టములు ఉబ్బి పగులు భయము గూడ చేరినది. ఇథనాలునకు తట్టుకొను గొట్టములను వేయించుట మంచిది.

ఇంకొక సందును త్రుప్పు కల్పించును. ఇనుము కంటె త్రుప్పు అనేక రెట్లు అధికమైన చోటు ఆక్రమించుటచే, అతుకులలో పుట్టి రేకులను విడదీయును, రంగును పొక్కించును. అంబాసిడరునకు వేరుగా చట్రము లేదు. ఒంటి రేకులే దాని ఎముకలు. తలుపుల క్రింది పెట్టెరేకులు తినివేయబడినచో చెడునది అందము మాత్రమే కాదు, బలము గూడ. విశాఖపట్టణము, మచిలీపట్టణము వంటి తీరపు టూళ్లలో ఉప్పుగాలికి ఈ పని వేగముగా సాగును; నీరు కారు రంధ్రములు మూసుకొనిపోకుండ చూచుట అచ్చట మొదటి కర్తవ్యము.

కొన్ని జాగ్రత్తలకు మినహాయింపు లేదు. జాకీ మాత్రమే మోయుచున్న బండి క్రిందికి ఎన్నడును దూరరాదు, స్టాండ్లు పెట్టవలెను. కాగిన రేడియేటరు మూతను తీయరాదు. ఒత్తిడిలో మరుగక నిలిచిన నీరు మూత విడిచిన క్షణమున మరిగి ఎగయును. పాత బ్రేకు లైనింగుల ధూళిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును గనుక దానిని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. ఇంజనును పూర్తిగా విప్పుట, సిలిండర్లను బోరింగు చేయించుట, బ్రేకు సిలిండర్లను మార్చుట అనుభవజ్ఞునకు విడుచుటయే వివేకము.

తరువాతి తరముల కార్లలో ఈ సందులు యజమాని చేతికందవు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పాయింట్లను తొలగించినది. హైడ్రాలిక్ టాపెట్లు తమ సందును తామే పూడ్చుకొనుచున్నవి. పాత బండి ఆ భారమును మనపై నుంచినది. దానితోపాటు తన శరీరస్థితిని కొలిచి తెలిసికొను అధికారమును గూడ ఇచ్చినది. ఆ అధికారము సఫలము కావలెనన్న కొలుచుట చాలదు, వ్రాసికొనవలెను. ఉదాహరణమునకు, 2000 సంవత్సరములో మన దేశమున సీసము కలిసిన పెట్రోలు నిలిచిపోయినది; ఆ సీసము వాల్వునకును ఇనుప పీఠమునకును నడుమ పూతవలె నిలిచి అరుగుదలను ఆపుచుండెడిది. అది లేని నేడు పాత ఇంజనులలో ఎగ్జాస్టు పీఠము అరిగి, వాల్వు లోనికి దిగి, టాపెట్ సందు చప్పుడు లేకుండ తగ్గవచ్చును. ఒకమారు కొలిచినవానికి అది సవరించి మరచిపోదగిన చిన్న తేడా. ఏటేట కొలిచి, వాల్వు అంకె యెదుట వ్రాసికొనినవానికి, ఒకే వాల్వు ప్రతిమారును అదే దిక్కునకు జరుగుచున్నదని తేటపడును. హెడ్డును విప్పించి గట్టి పీఠమును వేయించవలసిన కాలము, వాల్వు కాలకముందే అతనికి తెలియును. ఒక కొలత స్థితిని మాత్రము చెప్పును. కొలతల వరుస గతిని చెప్పును.