ఏభై ఏళ్లకి మళ్లీ మొదలు

మొన్న ఫోనొచ్చింది. పెళ్లికి ముందు నాతో పరిషత్తు నాటకాల్లో వేసిన అన్నయ్య. "తల్లి పాత్ర ఒకటుందమ్మా, వేస్తావా?" అనడిగారు. "ఇంట్లో అడిగి చెప్తానన్నయ్యా" అన్నాను. 54 ఏళ్లొచ్చాక కూడా అదే మాట!

"ఈ వయసులో ముఖానికి రంగేమిటమ్మా? హాయిగా కూర్చోక" అన్నాడు మావాడు. నవ్వేశాను గానీ, ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ రాత్రి టీవీలో 'చీనీ కమ్' వచ్చింది. అందులో అమితాబ్‌కి తల్లిగా గడగడా మాట్లాడే పెద్దావిడ గుర్తుందా? జోహ్రా సెహగల్. 2007లో ఆ సినిమా విడుదలయ్యేనాటికి ఆవిడకి 95 ఏళ్లు! ఆవిడ గురించి చదివిందంతా ఒక్కసారి మనసులో మెదిలింది.

1912లో సంప్రదాయ ముస్లిం కుటుంబంలో పుట్టారు. లాహోర్‌లో చదువయ్యాక జర్మనీ వెళ్లి, డ్రెస్డెన్‌లో మూడేళ్లు నాట్యం నేర్చుకున్నారు. 1935లో ఉదయ్ శంకర్ బృందంలో చేరి దేశదేశాలు తిరిగారు. 1942లో తనకన్నా ఎనిమిదేళ్లు చిన్నవాడైన కామేశ్వర్ సెహగల్‌ని పెళ్లాడారు. మతం వేరు, పైగా వయసులో తేడా... ఆ రోజుల్లో ఎన్ని మాటలు పడి ఉంటారో మీరే ఊహించుకోండి.

1945 నుంచి పద్నాలుగేళ్లు పృథ్వీరాజ్ కపూర్ నాటక బృందంలో పనిచేశారు. నెలకి 400 రూపాయల జీతం, ఊరూరా ప్రదర్శనలు. నాయిక వేషాలు చెల్లెలు ఉజ్రాకి వస్తే, అక్కకి పక్క పాత్రలు. అయినా వేదిక వదల్లేదు.

1959లో భర్త పోయారు. అప్పటికి ఆవిడకి 47 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. మనలో చాలామంది 'ఇంకేముందిలే' అనుకునే వయసది. ఆవిడేమో 1962లో, ఏభై ఏళ్లకి, స్కాలర్‌షిప్ మీద లండన్ వెళ్లారు. అక్కడేమీ ఎర్ర తివాచీ పరచలేదు. నాటకశాలలో తోటి నటుల దుస్తులు చూసుకునే పని కూడా చేశారు. డాన్సు పాఠాలు చెప్పారు. బీబీసీలో చిన్న చిన్న వేషాలు వేశారు. పేరు తెచ్చిన 'ది జ్యువెల్ ఇన్ ది క్రౌన్' సీరియల్ 1984లో గానీ రాలేదు. అంటే ఇరవై ఏళ్ల పైచిలుకు ఓపిక! వెనువెంటనే 'తందూరీ నైట్స్' వచ్చింది.

నన్ను కదిలించిందింకోటుంది. ఉజ్రా పాకిస్తాన్‌లో స్థిరపడ్డారు. 1993లో లాహోర్‌లో 'ఏక్ థీ నానీ' నాటకంలో అక్కాచెల్లెళ్లిద్దరూ మళ్లీ కలిసి నటించారు. అక్కకి 80 దాటాయి, చెల్లెలికి 70 దాటాయి. సరిహద్దు విడదీసినవాళ్లని నాటకం కలిపింది.

మనకి బామ్మగా తెలిసిన సినిమాలు చాలావరకు ఆ తర్వాతవే. 2010లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 2014 జులైలో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆవిడెక్కడ, నేనెక్కడ! పోలిక కాదు. కానీ ఒక్కటి అర్థమైంది. వయసు పాత్రని మారుస్తుందే తప్ప వేదిక దిగిపొమ్మనదు. ఆ మాట అనేది మనవాళ్లే, ఒక్కోసారి మనమే.

తెల్లారాక అన్నయ్యకి నేనే ఫోన్ చేశాను. "ఇంట్లో అడిగావా?" అన్నారు. "అడగలేదు, చెప్పాను" అన్నాను.

ఆదివారం నుంచి రిహార్సల్స్. మావాడే బండి మీద దింపుతానన్నాడు.