కదలని గేర్ రాడ్, కదిలిపోయే కారు

ఆటోమేటిక్ కారు స్టార్టయినా గేర్ రాడ్ ‘పి’ (పార్క్) నుంచి బయటికి రాకపోతే చాలామందికి ముందు గుర్తొచ్చేది గేర్‌బాక్స్ ఖర్చు. గాభరాలో రాడ్డును ఇంకా గట్టిగా లాగుతారు. అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. బ్రేక్ తొక్కి ఉంచి, వెనక ఎర్రలైట్లు వెలుగుతున్నాయో లేదో ఎవరినైనా చూడమనాలి. ఒంటరిగా ఉంటే వెనక గోడ మీద వెలుగు పడుతోందా అని అద్దంలో చూసుకున్నా సరిపోతుంది. లైట్లు వెలగలేదంటే లోపం గేర్‌బాక్స్‌లో ఉండే అవకాశం తక్కువ. బ్రేక్ పెడల్ పైభాగాన ఉండే చిన్న స్విచ్చినో, దాని ఫ్యూజునో ముందు అనుమానించాలి.

బ్రేక్ లైట్లకూ గేర్ రాడ్డుకూ సంబంధం ఏమిటి? పెడల్ నొక్కగానే ఆ స్విచ్చి పంపే సంకేతం లైట్లను వెలిగిస్తుంది. అదే సంకేతంతో రాడ్డు మొదట్లో ఉన్న సోలినాయిడ్ అనే తీగచుట్టకు కరెంటు అందుతుంది. ఆ తీగచుట్ట అయస్కాంతంగా మారి, రాడ్డుకు అడ్డుగా నిలిచిన పిన్నును పక్కకు లాగుతుంది. ఇంజిన్ ఆపి, తాళం చెవి ఆన్‌లో ఉంచి బ్రేక్ తొక్కితే చాలా కార్లలో ‘టిక్’ అని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. అది ఆ పిన్ను కదిలిన చప్పుడే. లైట్లు వెలిగినా టిక్ లేదంటే సోలినాయిడ్‌నో వైర్లనో చూడాలి. టిక్ వినిపించినా రాడ్డు రావడం లేదంటే చిక్కు యాంత్రికమైనది: రాడ్డు మీది బటన్ పాడై ఉండొచ్చు, లేదా ఎప్పుడో ఒలికిన టీ, కూల్‌డ్రింక్ లోపలికి దిగి చక్కెరపాకంలా గట్టిపడి ఉండొచ్చు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయినా రాడ్డు కదలదు.

బ్రేక్ తొక్కితేనే రాడ్డును వదిలే ఈ తాళం వెనక పెద్ద చరిత్రే ఉంది. 1980లలో అమెరికాలో ఆడి 5000 కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 1986లో సీబీఎస్ చానెల్ ‘60 మినిట్స్’ కార్యక్రమంలో చూపించడంతో ఆడి అమ్మకాలు కుప్పకూలాయి. అక్కడి రవాణా భద్రతా సంస్థ పరిశోధించి 1989లో ప్రకటించిన నిర్ధారణ ఏమిటంటే, ఎక్కువ ఘటనల్లో డ్రైవర్లు బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కారు. బ్రేక్ మీద కాలు పెడితే తప్ప రాడ్డు ‘పి’ దాటకుండా ఆడి తెచ్చిన ఏర్పాటును తర్వాత మిగతా కంపెనీలూ అందుకున్నాయి. 2010 సెప్టెంబరు నుంచి అమెరికాలో అమ్మకానికి తయారయ్యే ఆటోమేటిక్ కార్లకు చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. పెద్దవాళ్లు లేనప్పుడు పిల్లలు రాడ్డు లాగితే కారు దొర్లిపోయి జరిగే ఘోరాలను ఆపడం ఆ చట్టం ఉద్దేశం. అందుకే ఈ తాళం విసిగిస్తోందని దాన్ని శాశ్వతంగా తీయించేసుకోవడం ఎంతమాత్రం మంచిది కాదు.

అత్యవసరానికి మాత్రం దారి ఉంది. చాలా మోడళ్లలో రాడ్డు పక్కన ఒక చిన్న మూత ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ లాగి, బ్రేక్ తొక్కి, ఆ మూత తీసి లోపలి మీటను స్క్రూడ్రైవర్‌తో నొక్కితే రాడ్డు ‘ఎన్’ (న్యూట్రల్)కు వస్తుంది. అలా బండిని షెడ్డు దాకా తీసుకెళ్లొచ్చు. అయితే బ్రేక్ లైట్లు వెలగని కారును రోడ్డెక్కించడం వెనక వచ్చేవాళ్లకు ప్రమాదం. ఫ్యూజు మార్చి చూశాకే కదిలించాలి.

కొన్నిసార్లు ఏ భాగమూ చెడిపోకుండానే రాడ్డు బిగుస్తుంది. ‘పి’లో కారును ఆపేది గేర్‌బాక్స్ లోపలి పళ్లచక్రంలో పడే ఒక ఉక్కు కొక్కెం. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద హ్యాండ్ బ్రేక్ లేకుండా ‘పి’లో వదిలేస్తే, టన్నుకు పైబడిన బండి బరువంతా ఆ కొక్కెం మీదే వాలుతుంది. తర్వాత రాడ్డు లాగితే ‘ఠక్’మని మోగి గాని రాదు. ఆపేటప్పుడు బ్రేక్ మీద కాలుంచి, ‘ఎన్’లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, పెడల్ కాస్త వదిలి బరువు హ్యాండ్ బ్రేక్ మీద పడనివ్వాలి. మళ్లీ బ్రేక్ తొక్కి, అప్పుడు ‘పి’కి మార్చాలి.

నిజంగా భయపడాల్సింది కదలని రాడ్డుకు కాదు, హాయిగా కదిలి తప్పు చెప్పే రాడ్డుకు. రాడ్డు నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే కేబుల్ చివర ఒక ప్లాస్టిక్ బుష్ ఉంటుంది. అది అరిగి ఊడితే రాడ్డు ‘పి’లోకి వస్తుంది, గేర్‌బాక్స్ మాత్రం పాత గేర్‌లోనే ఉండిపోతుంది. సరిగ్గా ఈ లోపానికే ఫోర్డ్ 2022 జూన్‌లో అమెరికాలో సుమారు 29 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. వేడి, గాలిలోని తేమ ఆ ప్లాస్టిక్‌ను దెబ్బతీస్తాయి. రాడ్డు ఉన్నట్టుండి వదులుగా ఊగుతుంటే, డ్యాష్‌బోర్డు చూపే అక్షరానికీ బండి నడకకూ పొత్తు కుదరకపోతే వెంటనే మెకానిక్‌కు చూపించాలి.

కేబుల్ లేని ఎలక్ట్రానిక్ రాడ్లలో చిక్కు ఇంకో రకం. ఫియట్ క్రైస్లర్ కొన్ని మోడళ్లలో, ఎటు నెట్టినా వదలగానే మధ్యకు వచ్చేసే రాడ్డు పెట్టింది. ఏ గేర్‌లో ఉందో చేతికి తెలియదు. ‘పి’లో పెట్టామనుకుని దిగినవాళ్ల కార్లు దొర్లిపోవడంతో కంపెనీ 2016 ఏప్రిల్‌లో 11 లక్షలకు పైగా వాహనాలకు రీకాల్ ప్రకటించింది. రెండు నెలలకే నటుడు ఆంటన్ యెల్చిన్ లాస్ ఏంజిలస్‌లో తన ఇంటి ముందరి వాలులో, దొర్లివచ్చిన తన జీప్‌కూ ఇటుక స్తంభానికీ మధ్య నలిగి చనిపోయాడు. ఆ మోడల్ రీకాల్ జాబితాలో ఉన్నదే. అతని వయసు 27 ఏళ్లు. డ్రైవర్ తలుపు తెరిస్తే కారే ‘పి’లోకి వెళ్లేలా తర్వాత సాఫ్ట్‌వేర్ సవరించారు.

మన ఊళ్లలో ఆటోమేటిక్ పేరుతో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి అసలు ‘పి’యే లేదు. 2014లో మారుతి సెలెరియోతో మొదలైన ఏఎంటీ, మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్ నొక్కే, గేర్ మార్చే యంత్రాన్ని తగిలించిన ఏర్పాటు. లోపల పార్కింగ్ కొక్కెం ఉండదు. అమెరికాలో ఏళ్ల తరబడి ‘పి’కి అలవాటుపడి సెలవులకు హైదరాబాద్ వచ్చి ఏఎంటీ నడిపేవాళ్లు ఇక్కడే జాగ్రత్తపడాలి. ‘ఎన్’లో వదిలి దిగితే బండిని ఆపేది హ్యాండ్ బ్రేక్ ఒక్కటే. వాలు మీద హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, గేర్‌లో ఉంచే ఇంజిన్ ఆపాలి. ఏ గేర్‌లో ఉందో డ్యాష్‌బోర్డు మీద చూసుకున్నాకే తాళం తిప్పాలి.