కింది పన్నుకు సూది అంత లోపల ఎందుకు?



కింది దవడ పన్ను పుచ్చి రాత్రంతా నిద్ర లేకుండా గడిపినవారు కూడా, పన్ను తీయించుకోవడానికి వెనకాడుతుంటారు. ఎందుకని అడిగితే "సూదంటే భయమండీ" అంటారు. ఆ సూది ఎలా పనిచేస్తుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. అదేమిటో ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

పై దవడ ఎముక పలుచన. పన్ను పక్కన చిగురులో సూది వేస్తే మందు ఎముకలోకి ఇంకి పన్ను వేరును చేరుతుంది. కింది దవడ ఎముక, ముఖ్యంగా వెనక దంతాల దగ్గర, గట్టిగా, మందంగా ఉంటుంది. అక్కడ మందు అంత సులువుగా ఇంకదు. అందుకని నరం ఎముకలోకి ప్రవేశించే చోటే మందు పెట్టాలి. ఆ చోటు నోటి వెనక భాగంలో, దవడ ఎముక చెవి వైపు నిలువుగా లేచేచోట, లోపలి పక్కన ఉంటుంది. తూము మూస్తే కాలువ కింది మళ్ళన్నిటికీ నీరు ఆగినట్టే, అక్కడ మందు పెడితే ఆ పక్క కింది పళ్ళన్నీ మొద్దుబారతాయి. పెదవి, గడ్డం, నాలుక కూడా ఆ పక్క సగం మొద్దుబారతాయి. ఇది పక్షవాతం కాదు, మందు పనిచేస్తోందనడానికి గుర్తు.

1884-85 ప్రాంతంలో అమెరికా సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఈ నరానికి కొకైన్‌తో సూది వేసి చూశారు. కొకైన్ వ్యసనంగా మారే మందు. ఇప్పుడు ఎక్కువగా వాడేది 1943లో స్వీడన్‌లో లాఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నొకెయిన్. అది ఎక్కువసేపు నిలవడానికి కొద్దిగా ఎడ్రినలిన్ కలుపుతారు. అందుచేత కొందరికి కాసేపు గుండె దడదడలాడుతుంది. గుండెజబ్బు, బి.పి., గర్భం, రక్తం పలచబరిచే మాత్రలు, ఇదివరకు ఏ మందైనా పడకపోవడం వంటివి ఉంటే సూదికి ముందే చెప్పండి.

సూది దాదాపు రెండు, రెండున్నర సెంటీమీటర్లు లోపలికి వెళుతుంది. నోరు బాగా తెరిచి, తల కదపకుండా ఉండండి. మందు ఎక్కించేముందు డాక్టరు సిరంజిని కొంచెం వెనక్కి లాగి, రక్తం వస్తోందేమో చూస్తారు. మందు రక్తనాళంలోకి పోకుండా ఉండడానికే ఆ జాగ్రత్త.

మూడు నుంచి ఐదు నిమిషాల్లో పెదవి మొద్దుబారుతుంది. పన్ను మొద్దుబారడానికి పది, పదిహేను నిమిషాలు కూడా పట్టవచ్చు. నరం ఉండేచోటు అందరిలో ఒకేలా ఉండదు. చీము పట్టినచోట మందు సరిగా పనిచేయదు. అందువల్ల ఒక్కోసారి రెండో సూది అవసరమవుతుంది. అది డాక్టరు చేతగానితనం కాదు.

ఇక్కడ మీ పని ఒకటుంది. నొప్పి తెలుస్తుంటే పళ్ళ బిగువున ఓర్చుకోవద్దు, చెయ్యెత్తండి. మన సరిహద్దు ఊళ్ళలో డాక్టరుకు తెలుగు రాకపోవచ్చు. కన్నడంలో "నోవు", తమిళంలో "వలి", ఒడియాలో "బింధుఛి", మరాఠీలో "దుఖతే" అంటే చాలు, ఆగుతారు. లాగడమంటే నొప్పి కాదు, ఒత్తిడి మాత్రం తెలుస్తుంది. ఆ తేడా గుర్తుంచుకోండి.

మొద్దు మూడు నుంచి ఐదు గంటలు ఉంటుంది. అంతవరకు వేడి కాఫీ, వక్కాకు వద్దు. పిల్లలు తెలియక పెదవి కొరుక్కుంటారు, కనిపెట్టి ఉండండి. మర్నాటికీ మొద్దు వదలకపోతే డాక్టరుకు చూపించండి.

భయపడి వాయిదా వేస్తే చీము గొంతు కిందికి దిగవచ్చు. దవడ కింద వాపు, జ్వరం, మింగడం కష్టం కావడం, నోరు తెరుచుకోకపోవడం కనిపిస్తే ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఊపిరికే అడ్డం వచ్చే ప్రమాదమది. దానిముందు సూదిపోటు ఎంత?