మన్యవిహారము, దోమకాటు

కార్తికమాసము ప్రవేశించినది మొదలు సంక్రాంతి దాటువఱకు, విశాఖపట్టణమునుండి కిరండూలు పోవు రైలులోని అద్దాలపెట్టెలో చోటు దొరకుట దుర్లభము. సొరంగములను, లోయలను చూచుచు పోయి, బొఱ్ఱా గుహలయొద్ద దిగి, అరకులో బసచేసి, మఱునాడు తెల్లవారుజామున వంజంగి కొండ యెక్కి మేఘసముద్రముపై సూర్యోదయమును దర్శింపవలెనను కోరిక నేడు కోస్తా జిల్లాలవారికే కాక హైదరాబాదు, బెంగళూరు నగరములలోని తెలుగు కుటుంబములకును సామాన్యమైపోయినది. ఈ యాత్రికులు చలికి కంబళ్లు సర్దుకొందురు. ఘాట్ రోడ్డు మలుపులలో వాంతులు కాకుండుటకు మాత్రలు వెంట నుంచుకొందురు. పిల్లలకు జంతికలు, అరిసెలు కట్టుకొందురు. దోమను గూర్చి తలంచువారు మాత్రము బహు స్వల్పము. కొండమీది చలిలో దోమలెక్కడివను విశ్వాసమే దీనికి ముఖ్యకారణము.

మన తాతల తరమువారి కీ విశ్వాసము లేదు. ఈ కొండలున్న మన్యమనగానే వారికి ముందు స్ఫురించునది చలిజ్వరము, అనగా మలేరియా. గూడెము, రంప కొండలలోనికి బదిలీయైన ఉద్యోగులును, అచ్చటికి పంపబడిన పోలీసు దళములును ఆ జ్వరమునకు వెఱచినంతగా అడవిమృగములకైనను వెఱచెడివారు కారు. కొండనీరు పడలేదనియు, అడవిగాలి సోకినదనియు వారు తమకు తోచిన కారణములు చెప్పుకొనెడివారు. నీటికిని జ్వరమునకును సంబంధమున్న మాట నిజమే. కాని ఆ సంబంధము త్రాగుటవలన కలుగునది కాదు.

ఆ రహస్యము బయటపడినది మన తెలుగుగడ్డమీదనే. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, సికింద్రాబాదు దండులో వైద్యాధికారిగా నున్న రొనాల్డ్ రాస్, బేగంపేటలోని ఒక చిన్న భవనమున సూక్ష్మదర్శినిముందు కూర్చుండి, రోగి రక్తము పీల్చిన ఒక దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా క్రిమి పెరుగుచుండుటను కనుగొనెను. తన్ను దోమలచే కుట్టించుకొనుటకు సమ్మతించిన ఆ రోగి పేరు హుసేన్ ఖాన్; కుట్టిన ప్రతి దోమకును అతనికి ఒక అణా ముట్టినదట. మఱుసంవత్సరము కలకత్తాలో పక్షుల మలేరియా దోమకాటువలననే వ్యాపించునని రాస్ నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. బేగంపేటలోని ఆ భవనము నేటికిని నిలిచియున్నది. ఆగస్టు 20వ తేదీని ప్రపంచమంతయు దోమల దినముగా పాటించుచున్నది.

ఈ కథలో యాత్రికునికి పనికివచ్చు భాగమొకటి కలదు. అంతకుముందు రమారమి రెండేండ్లపాటు రాస్ అసంఖ్యాకముగా దోమలను కోసి చూచియు ఏమియు కానలేకపోయెను. ఏలయన అవి వేఱుజాతి దోమలు. ఱెక్కలపై మచ్చలుగల అనాఫిలిస్ చేతికి వచ్చిన పిమ్మటగాని ఆయన శ్రమ ఫలింపలేదు. అనగా ప్రతి దోమయు ప్రతి రోగమును మోయదు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క నీరు, ఒక్కొక్క వేళ, ఒక్కొక్క రోగము నియతములై యున్నవి. ఇవి తెలిసికొన్నవానికి రక్షణ సులభము. తెలియనివాడు సాయంకాలమున ఒకమారు లేపనము పూసికొని తన పని తీఱినదనుకొనును.

దోమ మురికినీటనే పుట్టునని మనలో అనేకుల నమ్మకము. మురుగు కాలువలలో పుట్టి, రాత్రులు చెవియొద్ద రొదచేసి, బోదకాలును వ్యాపింపజేయు క్యూలెక్స్ విషయమున అది సత్యమే. ఆ రోగము అంటుకొనుటకు దీర్ఘకాలము అనేకమారులు కాటుపడవలసియుండును గనుక నాలుగుదినముల యాత్రికుడు దానికై దిగులుపడనక్కఱలేదు. కాని మన్యమున మలేరియాను మోయు ఫ్లూవియాటిలిస్ అను అనాఫిలిస్ జాతి మురుగు జోలికి పోదు. కొండవాగు మెల్లగా సాగు అంచులయందును, గడ్డి వంగి నీటిని తాకు చోటులందును, ఊటచెలమలలోను, రాళ్లనడుమ నిలిచిన తేటనీటియందును అది గ్రుడ్లు పెట్టును. యాత్రికుడు ఏ సెలయేటి గట్టున చాప పఱచుకొని భోజనమునకు కూర్చుండునో, ఏ జలధారముందు పిల్లలను నిలిపి ఫోటో తీయించుకొనునో, ఆ స్వచ్ఛజలమే దాని పుట్టినిల్లు. పరిసరములు శుభ్రముగా నున్నవి కాబట్టి భయము లేదను తర్కమిచ్చట చెల్లదు.

అనాఫిలిస్ నిశాచరము, ప్రొద్దుగ్రుంకినది మొదలు తెల్లవాఱువఱకు దాని సంచారము. యాత్రికుల దినచర్య పరికించినచో విచారము కలుగక మానదు. సాయంకాలము మంటచుట్టును కుర్చీలు వేసికొని, బొంగుచికెను కాలుచుండగా, దింసా నృత్యమును చూచుచు, ఒక్కొక్కప్పుడు తామును చేయి కలిపి ఆడుచు రాత్రి పదిగంటలదాక ఆరుబయట గడపుదురు. మరల చీకటితోనే లేచి వంజంగి కొండకు బయలుదేఱుదురు. మలేరియా దోమ మేలుకొనియుండు వేళలే యాత్రికుని ఉత్తమఘడియలగుచున్నవి. తీవ్రమైన చలిలో దోమ చురుకు తగ్గుననుట నిజమే. అయినను అది వెచ్చని గదులలోను, పశువుల పాకలలోను తలదాచుకొనును. చలికి పేరుపడిన లంబసింగిలోను మంచు కురియు రాత్రులు కొన్నియే. మన్యమంతయు ఆ చలియే యుండదు. వానకారు యాత్రలకు పోవువారికి ఆ స్వల్పరక్షణయు లేదు.

దీనికి పూర్తిగా విరుద్ధము ఈడిస్. నల్లని కాళ్లపై తెల్లని పట్టెలుగల ఈ దోమ పగటివేళ, ముఖ్యముగా ప్రొద్దెక్కిన తొలిగంటలలోను, సాయంసంధ్యకు ముందును, మడమలయొద్దను మోకాళ్లక్రిందను కుట్టును. డెంగీ, చికున్‌గున్యా జ్వరములు దీని దానములు. ఇది అడవిలో కంటె మనుష్యులున్న చోటులనే ఆశ్రయించును: హోటలు ముంగిటి పూలకుండీల క్రింది పళ్లెములు, పాత టైర్లు, త్రాగి పాఱవేసిన కొబ్బరిబొండములు, ప్లాస్టిక్కు గ్లాసులు దీనికి చాలును. వెచ్చని దినములలో గ్రుడ్డు ఱెక్కల దోమ యగుటకు వారము పదిదినములు పట్టును. కావున రాత్రి దోమతెరలో పరుండినవాడును పగటి జాగ్రత్తను మానరాదు.

రక్తము త్రాగునది ఆడుదోమ మాత్రమే; గ్రుడ్లను పోషించుకొనుటకు దానికి రక్తము కావలెను. మన ఊపిరిలోని బొగ్గుపులుసుగాలి జాడబట్టి అది దూరమునుండి వచ్చును. చేరువకు వచ్చిన పిమ్మట చెమటవాసన, దేహపు వేడి, ముదురురంగు దానికి దారి చూపును. ఊపిరి మానుట ఎవరికిని సాధ్యము కాదు గనుక తక్కిన వానిని గూర్చియే మన ప్రయత్నము. లేతరంగు గలవియు, నిండుచేతులు గలవియు, వదులైనవియునగు బట్టలు శ్రేష్ఠములు. ఒంటికి అంటిపెట్టుకొను పలుచని లెగ్గింగులను దోమతొండము సులభముగా దాటిపోవును. చెప్పులకంటె మేజోళ్లతో కూడిన బూట్లు మేలు. సాయంకాలము మంటయొద్ద కూర్చుండువారికి ఇది మఱింత ముఖ్యము.

బట్ట కప్పని చోట పూసికొనుటకు లేపనములు కలవు. 1946లో అమెరికా సైన్యము తన సైనికులకొఱకు సిద్ధపఱచుకొనగా, 1957నుండి సామాన్యప్రజలకు అందుబాటులోనికి వచ్చిన డీట్ అనునది వీనిలో చిరకాలముగా పరీక్షకు నిలిచినది. పికారిడిన్ దానికి తీసిపోదు. వాసనయు జిడ్డును తక్కువ. గ్వాలియరులోని రక్షణశాఖ పరిశోధనాలయమువారు మన సైనికులకొఱకు డెపా అను మందును రూపొందించిరి. మన అంగళ్లలో దొరకు ఓడోమాస్‌లోని మందును డీట్‌కు దగ్గఱి చుట్టమే. సీసాపై వ్రాసిన శాతము మందు బలమును గాక, అది నిలుచు కాలమును తెలుపునని గ్రహింపవలెను: ఇరువది ముప్పది శాతము డీట్ గలది కొన్ని గంటలు పనిచేయును, పలుచనిదానిని మాటిమాటికి పూసికొనవలెను. చెమట పట్టినను, నీట దిగినను మరల పూయక తప్పదు. ఎండకు పూసికొను క్రీమును కూడ వాడువారు దానిని ముందు పూసి, ఆరిన పిమ్మట దోమల మందును పూయవలెను. బట్టల లోపలి చర్మమునకును, గాయములపైనను పూయరాదు. పిల్లల అరచేతులకు పూసినచో అవి నోటికిని కంటికిని పోవును గనుక అచ్చట వలదు. రెండుమాసములు నిండని శిశువులకు డీట్ అసలే కూడదు, వారికి చుట్టును మూసిన తెరయే రక్షణ. వేపనూనె, నిమ్మగడ్డి నూనె పనిచేయకపోవు, గాని వాని ప్రభావము త్వరలోనే ఆవిరియైపోవును. రాత్రియంతయు వానినే నమ్ముకొనుట వివేకము కాదు. చేతికి తొడుగుకొను సుగంధపు పట్టెలు, సెల్‌ఫోనులో మ్రోగు శబ్దములు, వెల్లుల్లి తినుట, బి విటమిను మాత్రలు మ్రింగుట మొదలగునవి ధనమును కాలమును హరించునవే గాని దోమను ఆపునవి కావు.

ఇన్నింటిలోను ఒక్కదానినే ఎంచుకొమ్మన్నచో నేను సందేహింపక దోమతెరనే ఎంచుకొందును. మనిషి నిద్రలో లేపనమును మరల పూసికొనలేడు. మందుబిళ్ల కరెంటు పోయినచో చల్లారిపోవును. చుట్టబత్తిపొగ మూసిన గదిలో పసిపిల్లల ఊపిరికి మంచిది కాదు. తెరకు ఈ లోపములేవియు లేవు. పురుగుమందు పట్టించి నేసిన తెరలైనచో వానిపై వ్రాలిన దోమ చచ్చును. ప్రభుత్వమువారు మన్యపు గ్రామములలో పంచిపెట్టునవి ఇట్టివే. తెరను చీకటిపడకమున్నే దింపి, లోపల దోమ చిక్కుకొనలేదని చూచుకొని, అంచులను నలువైపుల పఱుపుక్రింద దోపవలెను. వ్రేలాడనిచ్చిన తెర లేనిదానితో సమానము. మోకాలు గాని మోచేయి గాని తెరను ఆనియుండినచో దోమ బయటనుండియే కుట్టును. గది కుదుర్చుకొనునప్పుడు కిటికీలకు జాలీలున్నవో లేవో, తెర యిత్తురో యీయరో అడుగుట యాత్రికుని హక్కు. గుడారములలో పరుండువారు జిప్పు తీసియుంచి కబుర్లాడుకొను అలవాటును మానవలెను. ఫ్యానుగాలికి దోమ నిలువలేదు. అదియు ఒక చిన్న సాయమే.

ముందుగా మందు మ్రింగి మలేరియాను నివారించు పద్ధతియు కలదు. అమెరికానుండి సెలవులకు వచ్చి, పిల్లలతో అరకు చూడబోవు తెలుగువారు దీనిని గూర్చి బయలుదేఱకముందే తమ వైద్యునితో మాటలాడుట మంచిది. తాము ఇచ్చట పుట్టిపెరిగినవారము గదా యను ధైర్యము నిరాధారము. మలేరియాపై దేహము సంపాదించుకొన్న శక్తి ప్రవాసమున గడచిన యేండ్లలో క్షీణించిపోవును, పిల్లలకు అది పుట్టుకతోనే లేదు. డాక్సీసైక్లిన్ వంటి మందును తిరిగివచ్చిన తరువాత నాలుగు వారములు కొనసాగింపవలెను. ఇల్లుచేరగానే మానివేయుటవలన మొదటి శ్రమయంతయు వ్యర్థమగును. గర్భిణులకును, చిన్నపిల్లలకును ఈ మందులలో కొన్ని సరిపడవు. తెరయు, బట్టయు, లేపనమును మందు మ్రింగువారికిని అవసరమే.

మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చునాటికి ఏటేట ఏడున్నర కోట్లమంది మలేరియా పాలగుచుండిరని అంచనా. డీడీటీ చల్లుటచే 1965 నాటికి ఆ సంఖ్య లక్ష ప్రాంతమునకు దిగెను. మనము ఏమఱుటచే 1976లో అఱువదినాలుగు లక్షలకు మరల ఎగసెను. తరువాతి కాలమున మైదానములలో తగ్గుముఖము పట్టినను, కొండలలో దాని వేళ్లు ఇంకను మిగిలియున్నవి. మనము నాలుగుదినములు భయపడు దోమతో అచ్చటి గిరిజనులు సంవత్సరమంతయు కాపురముండుచున్నారు. ప్లాస్టిక్కు సీసాలను, గ్లాసులను వాగుగట్టుల పాఱవేసి, ఉన్న మలేరియాకు తోడు డెంగీని కూడ వారికి విడిచివచ్చుట ఘోరమైన అపచారము. తెచ్చినదానిని తిరిగి మూటగట్టుకొని రావలెను.

తిరిగివచ్చిన పిదప మఱవరాని దొకటి కలదు. డెంగీ కాటుపడిన వారము పదిదినములలో బయటపడును. ప్రాణాపాయకరమైన ఫాల్సిపారం మలేరియాకు సామాన్యముగా ఒకటి రెండు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకెక్కువయు పట్టును. వైవాక్స్ అను మఱియొక జాతి మలేరియా క్రిమి కాలేయమున దాగియుండి మాసములు గడచిన పిమ్మట తల యెత్తవచ్చును. దాని నిర్మూలనమునకు వైద్యుడు పదునాలుగు దినముల మాత్రలు వ్రాసినచో జ్వరము తగ్గినదని నడుమ మానరాదు. డెంగీ యేమోయను సందేహమున్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలు రక్తస్రావమునకు దారితీయును గనుక పారాసిటమాల్ తప్ప సొంతముగా వేఱొకటి వేసికొనరాదు. మలేరియా రక్తపరీక్ష ప్రభుత్వపు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో ఉచితము. నగరపు వైద్యునికి మీరు మన్యమునకు పోయివచ్చితిరని తెలియదు; మీరు చెప్పనిదే ఆయనకు మలేరియా స్ఫురింపకపోవచ్చును. కావున యాత్రనుండి వచ్చిన కొద్దిమాసములలో చలితో కూడిన జ్వరము సోకినచో ఆనాడే పోయి, తక్కిన మాటలకు ముందుగా, ఏ యూరు పోయితిరో, ఎన్ని రాత్రులు అచ్చట పరుండితిరో వైద్యునితో చెప్పుడు.