రాజుగారి పాట: లండన్‌లోనూ, ఎట్టయాపురంలోనూ



2023 మే 6న లండన్‌లో చార్లెస్ రాజు పట్టాభిషేకం మీలో కొందరు టీవీలో చూసుంటారు. తైలాభిషేకం వేళ బృందం పాడిన పాట హాండెల్ కట్టిన ‘జేడాక్ ద ప్రీస్ట్’. మన తెలుగు బైబిల్లో సొలొమోనుకు పట్టం కట్టిన సాదోకు ఉన్నాడే, ఆయన కథే. 1727లో రెండో జార్జి పట్టాభిషేకానికి రాశాడు. అప్పటినుంచి అక్కడ ప్రతి పట్టాభిషేకానికీ పాడుతున్నారు. మొదట వయొలిన్లు చాలాసేపు మెల్లగా సాగుతాయి. ఇంక పాట రాదేమో అనుకునే సమయానికి గొంతులన్నీ ఒక్కసారిగా లేస్తాయి, బాకాలూ భేరీలూ తోడవుతాయి.

1727లో రికార్డింగు ఎక్కడిది? హాండెల్ స్వరం కాగితం మీద రాసి పెట్టాడు, అంతే. ఆ రాత చూసే 1963లో కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ గాయకులు రికార్డు ఇచ్చారు. 2001లో ‘ది కింగ్స్ కన్సార్ట్’ వాళ్లు ఆనాటి పట్టాభిషేక సంగీతమంతా పాతకాలపు వాద్యాలతో రికార్డు చేశారు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

మన ఊరి పక్కనా ఇలాంటి కథ ఉంది. కళుగుమలై ఒకప్పుడు ఎట్టయాపురం జమీనులోదే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు అక్కడి ఆస్థాన విద్వాంసులు. అన్నగారు 1835లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. బాలుస్వామిగారు ఎట్టప్ప రాజుల మీద దరువులు కట్టారు. అవి హాండెల్ పాటలాగా గుంపు పాడేవి కావు, ఒక్క గొంతు పాటలు.

బాలుస్వామిగారి మనవడు సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని ఎట్టయాపురంలోనే అచ్చు వేయించారు. గమకాలకు కూడా గుర్తులు పెట్టి, తెలుగు లిపిలో! పట్టుబట్టి రాయించినవారు చిన్నస్వామి మొదలియార్ అనే తమిళ క్రైస్తవుడు. మరుసటి ఏడు వచ్చిన ‘ప్రథమాభ్యాస పుస్తకము’లో నోట్టుస్వరాలున్నాయి. తెల్లవాళ్ల మెట్లకు ముత్తుస్వామి దీక్షితులవారు సంస్కృతంలో మాటలు కట్టినవి అవి. నోట్టుస్వరాల్లో ‘సంతతం పాహిమాం’ వినండి, మెట్టు ‘గాడ్ సేవ్ ద కింగ్’! రాజు ఉండాల్సిన చోట అమ్మవారిని కూర్చోబెట్టారు.

“తెలుగు చదివితే ఏం లాభం సార్?” అని మీలో కొందరు అడుగుతుంటారు. ఉద్యోగాల సంగతి విడిగా మాట్లాడుకుందాం. ప్రదర్శిని తర్వాత తమిళ లిపిలోనూ వచ్చింది, మంచిదే. కానీ ఎట్టయాపురంలో అచ్చయిన ఆ మొదటి పుస్తకాన్ని మన ఐదో తరగతి పిల్లవాడు కూడబలుక్కుని చదవగలడు. హాండెల్ రాత చదవాలంటే వాడు వేరే లిపే నేర్చుకోవాలి.

సోమవారం ప్రార్థన అయ్యాక రెండు పాటలూ స్పీకర్‌లో వినిపిస్తాం. తల్లిదండ్రులూ రావచ్చు.