కప్పుల మీది రంగు బొమ్మలు: ఆ పద్ధతి మన నూలుకు పనికివచ్చునా?

మన షోలాపూరు సభ్యులలో ఇద్దరు ముగ్గురు ఈ మధ్య మా వద్దకు వచ్చి, "కార్యదర్శి గారూ, కప్పుల మీద బొమ్మలు వేసే మిషను కొందామా? దానితోనే తువాళ్ళ మీద పూలు కూడా దింపవచ్చునట గదా" అని అడిగిరి. ఒకరు అప్పు కాగితములు కూడ సిద్ధము చేసికొనిరి. అందుచేత మేము విచారించి తెలిసికొన్నది ఇచట వ్రాయుచున్నాము.

ఈ పద్ధతి 1957 ప్రాంతమున ఫ్రాన్సు దేశములో బయలుదేరినది. ఇందులో వాడునవి పాలియెస్టరుకు అద్దెడి డిస్పర్స్ రంగులు. బొమ్మను కుడియెడమలు తిరగవేసి కాగితముపై అచ్చు తీసి, వస్తువునకు బిగించి, సుమారు 180 నుండి 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో అదుముదురు. కర్పూరము నీరు కాకుండగనే ఆవిరియగునట్లు, ఆ రంగు ఆవిరియై పైపొరలోనికి దూరి, చల్లారగనే అందులో చిక్కుకొనును. కప్పునకు మూడు నాలుగు నిమిషముల పని.

పింగాణీకి రంగు ఎట్లు పట్టెనని అడుగవచ్చును. పట్టినది పింగాణీకి కాదు, దానిపై ముందే పూసియుంచిన పాలియెస్టరు జాతి పూతకు. ఇంటిలోని మామూలు కప్పు తెచ్చి పెట్టినచో రంగు నిలువదు. గుండ్రని కప్పునకు చుట్టును పట్టీవంటి హీటరు చాలును. ఫోను తొడుగులవలె మూలలు, వంపులు గల వస్తువులపై కాగితము ముడుతలు పడును గనుక, సాగెడి ఫిల్ముపై బొమ్మ వేసి, గాలి లాగివేయు పెట్టెలో నుంచి అన్ని ప్రక్కల అంటింతురు. ఈ రంగులలో తెలుపు లేదు. నల్లని వస్తువుపై బొమ్మ తేలదు.

ఇక తువాలు సంగతి. మేమొక నూలు తువాలు తీసికొనిపోయి ఊరిలో ఒకచోట బొమ్మ దింపించి చూచితిమి. దింపిన క్షణమున ముచ్చటగానే యుండెను. రెండు ఉతుకులకు వెలిసిపోయెను. నూలుపోగు ఈ రంగును పట్టియుంచలేదు. పట్టుపోగునకును అంతే. ఇక్కత్ బొమ్మలను ఇట్లు దింపి చవుకగా అమ్మెడి చీరలు పాలియెస్టరువి. అట్టి చీరను తిరగవేసినచో సాధారణముగ వెనుకవైపు వెలవెలబోవుచుండును. పోగులకు కట్లు కట్టి రంగువేసి నేసినది రెండు వైపుల ఒక్కతీరుగ నుండును. కొనవచ్చిన వారికి ఇది మన చేతులతో చూపవలెను.

కప్పుల వ్యాపారము చేయదలచినవారిని మేము వద్దనము. కాని తువాళ్ళ రాబడిని ఆ లెక్కలో కలుపుకొని అప్పు చేయరాదు. పూత కప్పు ధర, మామూలు కప్పు ధర, కరెంటు ఖర్చు విడివిడిగా వ్రాసికొని సంఘము ఆఫీసుకు రండు. సంతకము పెట్టుటకు ముందే కూర్చుండి లెక్క చూతము.